గిటార్ యాంప్ ముందు ఏ మైకు నిలపాలి?

మన తెలుగువాళ్లు పెళ్లిపందిరి దగ్గరో, గుడి దగ్గరో స్తంభానికి కట్టిన హారన్‌ను కూడా మైకు అనే అంటారు. ‘పొద్దున్నే మైకు పెట్టారు’ అనే మాటలో మైకు అంటే శబ్దాన్ని అందుకునే పరికరమా, వినిపించే పరికరమా అని ఎవరూ అడగరు. అది తప్పు వాడుక అని చిన్నప్పుడు నాకు ఎవరో చెప్పారు గాని, రికార్డింగ్ పనిలో దిగాక అందులో ఒక నిజం ఉందని తెలిసింది. డైనమిక్ మైకు, లౌడ్‌స్పీకరు నిర్మాణంలో ఒకే యంత్రం. రెండింటిలోనూ అయస్కాంతం నడుమ ఒక తీగచుట్ట, దానికి అతికించిన ఒక పలుచని పొర ఉంటాయి. తీగచుట్టలోకి విద్యుత్తు పంపితే పొర కదిలి శబ్దం పుడుతుంది. శబ్దం తాకి పొర కదిలితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. గిటార్ యాంప్లిఫయర్ (యాంప్) అంటే ఎలక్ట్రిక్ గిటార్ ధ్వనిని పెంచి తన స్పీకరులో వినిపించే పెట్టె; దాని ముందు మైకు పెట్టినప్పుడు ఆ యంత్రాన్ని దాని ప్రతిబింబానికి ఎదురుగా నిలబెడుతున్నాం.

విశాఖపట్నంలో పెదవాల్తేరు వైపు ఒక మేడమీద గదిలో నేను బ్యాండ్లను రికార్డు చేస్తుంటాను. వచ్చే గిటారిస్టులు, ముఖ్యంగా కాలేజీ బ్యాండ్ల పిల్లలు, దాదాపు ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు: ‘యాంప్ రికార్డింగ్‌కి ఏ మైకు కొనాలి సార్?’ ఒక పేరు చెప్పి పంపించెయ్యవచ్చు, ఆ పేరు తప్పు కూడా కాకపోవచ్చు. కానీ ఆ మైకు కొనుక్కుని, యాంప్ ముందు ఎక్కడో ఒకచోట నిలబెట్టి, వచ్చిన శబ్దం కందిరీగ రొదలా ఉందని దిగులు పడి, ఇంకా ఖరీదైన మైకు కోసం డబ్బు కూడబెట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఒక స్పీకరు ఒక్కో చోట ఒక్కో రకంగా మోగుతుంది. అందులో మనకు కావలసిన చోటు ఏదో తేల్చుకోవడం మొదటి పని. ఆ చోట ఏ మైకు నిలబెట్టాలన్నది రెండో పని. ఈ వరస తప్పడం వల్లనే ఇంత చిక్కు వస్తోందని నా గట్టి నమ్మకం. అందుకే మైకుల గురించి చెప్పే ముందు స్పీకరు గురించి చెప్పాలి.

ఇంట్లో పాటలు వినే స్పీకర్లకూ గిటార్ స్పీకర్లకూ పోలిక లేదు. గిటార్ యాంపుల్లో సాధారణంగా కనిపించేది 12 అంగుళాల, అంటే సుమారు 30 సెంటీమీటర్ల కాగితపు కోన్. తార స్థాయి శబ్దాల కోసం దానికి వేరే ట్వీటర్ ఉండదు. ఎంతోమంది వాడే సెలెషన్ వింటేజ్ 30 స్పీకరుకు తయారీదారు ప్రకటించిన పరిధి 70 నుంచి 5,000 హెర్ట్జ్. అదే సంస్థ గ్రీన్‌బ్యాక్‌కు 75 నుంచి 5,000 హెర్ట్జ్. మామూలు శ్రుతిలో గిటార్ ఆరో తీగ విడిగా మోగితే వచ్చే స్వరం 82.4 హెర్ట్జ్ కనుక కింద హద్దు దానికి సరిపోతుంది. పైన 5,000 దాటాక ధ్వని నిట్టనిలువుగా పడిపోతుంది. ఇదేమీ లోపం కాదు. డిస్టార్షన్ పెడల్ (గిటార్ ధ్వనిని కావాలనే గరుకుగా మార్చే పరికరం) నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకున్న గిటార్ శబ్దాన్ని విన్నవారికి తెలుస్తుంది, అది చెవిలో ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. స్పీకరు పైభాగాన్ని కోసేయడం వల్లనే అది గిటార్‌గా వినబడుతోంది. కనుక మైకు పెట్టె మీద ‘20 నుంచి 20,000 హెర్ట్జ్’ అని అచ్చు వేసి ఉంటే దానికి మురిసిపోనక్కరలేదు. ఈ పనిలో 5,000 హెర్ట్జ్ దాటాక మైకుకు అందేది చాలావరకు యాంపు బుస్సుమనే చప్పుడే. మైకులను వేరు చేసే అసలు రంగం 2,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య, అలాగే 200 హెర్ట్జ్‌కు దిగువన ఉంటుంది.

ఇంకొక సంగతి. వీధిలో కట్టిన హారన్‌కు ఎదురుగా నిలబడితే చెవులు గింగురుమంటాయి. పక్కసందులోకి తిరిగితే అదే పాట మొద్దుబారి వినిపిస్తుంది. శబ్దపు తరంగదైర్ఘ్యం స్పీకరు వెడల్పు కంటే పెద్దదిగా ఉన్నంతవరకు ధ్వని అన్ని వైపులా పరుచుకుంటుంది. చిన్నదైన కొద్దీ ఒక కట్టగా కూడి ముందుకే పోతుంది. 30 సెంటీమీటర్ల కోన్‌కు ఆ మలుపు సుమారు 1,100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. దానికి తోడు తార స్థాయి ధ్వనులు కోన్ నడుమ భాగం నుంచే ఎక్కువగా వెలువడతాయి. డప్పు మీద నడుమ కొడితే బరువైన నాదం, అంచున కొడితే పదునైన నాదం వస్తాయి కదా, స్పీకరులో ఇది తలకిందులుగా ఉంటుంది: నడుమ పదును, అంచున బరువు. కోన్ మధ్యలో బొడిపెలా ఉండే డస్ట్ క్యాప్‌కు సూటిగా మైకు పెడితే అతి పదునైన శబ్దం వస్తుంది. క్యాప్ అంచు, కోన్ కలిసే గీత దగ్గరకు జరిపితే ఆ పదును ఒక మెట్టు దిగి, స్వరానికి కండ పడుతుంది. అక్కడి నుంచి కోన్ అంచు వైపు పోయిన కొద్దీ గుండ్రనితనం పెరిగి, చివరకు దుప్పటి కప్పినట్టు అవుతుంది. ఈ మొత్తం ప్రయాణం జానెడు దూరం కూడా ఉండదు. రెండు వేళ్ల మందం మైకును పక్కకు జరపడం వల్ల కలిగే తేడా, చాలాసార్లు ఒక మైకు తీసి మరో మైకు పెట్టడం వల్ల కలిగే తేడా కంటే పెద్దది.

క్యాబినెట్ (స్పీకరు పెట్టె) మీద గుడ్డ ఉన్నప్పుడు కోన్ నడుమ ఎక్కడుందో కనబడదు గనుక, చాలామంది క్యాబినెట్ మధ్యభాగమే స్పీకరు మధ్యభాగం అనుకుంటారు. ఫోన్ టార్చిని గుడ్డకు దగ్గరగా పట్టి ఏటవాలుగా వేస్తే లోపలి డస్ట్ క్యాప్ గుండ్రంగా కనబడుతుంది. గుడ్డ మీద చిన్న టేపు ముక్క అంటించుకుంటే రోజంతా వెతుక్కోనక్కరలేదు. యాంపును ఆన్ చేసి, గిటార్ వాయించకుండా, హెడ్‌ఫోన్‌లో ఆ బుస శబ్దాన్ని వింటూ మైకును మెల్లగా అటూ ఇటూ జరపడం ఇంకో మంచి పద్ధతి. బుస ఎక్కడ అత్యంత పదునుగా ఉందో అదే నడుమ. అక్కడి నుంచి ఎటు, ఎంత జరగాలన్నది చెవి చెబుతుంది. చెవిని మాత్రం మైకు స్థానంలో పెట్టి వినవద్దు. గట్టిగా వాయిస్తున్న స్పీకరు దగ్గర ధ్వని 110 డెసిబెల్స్ దాటడం మామూలే, ఆ స్థాయిలో వినికిడికి హాని జరగడానికి ఎంతోసేపు పట్టదు.

దూరం రెండో తిప్పుడు మీట వంటిది. ఒక దిశ నుంచే ఎక్కువగా వినే మైకులు దాదాపు అన్నింటికీ ఒక స్వభావం ఉంది: శబ్దం పుట్టే చోటికి దగ్గరైన కొద్దీ మంద్ర స్థాయి ఉబ్బుతుంది. దీనిని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. గుడ్డకు ఆనించి పెట్టిన మైకు చిన్న యాంపును కూడా పెద్దదిగా వినిపించేది ఇందువల్లనే. అరచేతి వెడల్పు వెనక్కి తీస్తే ఆ ఉబ్బు తగ్గి, కోన్ వేర్వేరు భాగాల ధ్వనులు కలిసి వినబడతాయి. మూడోది కోణం. మైకును చోటు కదపకుండా 45 డిగ్రీలు పక్కకు తిప్పితే పదును కొంత తగ్గుతుంది. ఇది అన్నింటికంటే చిన్న మార్పు, చివర్లో చేసుకునే సవరణ.

ఇప్పుడు మైకుల సంగతి. ఈ పనికి ప్రపంచమంతటా మొదట వినిపించే పేరు ష్యూర్ ఎస్‌ఎం57. ఇది 1965లో వచ్చింది. పేరులోని ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. అమెరికా అధ్యక్షుల ప్రసంగ వేదిక మీద దశాబ్దాలుగా కనిపించే జంట మైకులు కూడా ఇవే. గిటార్ కోసం ఎవరూ దీన్ని రూపొందించలేదు, అయినా దాని స్వభావం గిటార్ స్పీకరుకు అచ్చంగా అమరింది. 200 హెర్ట్జ్‌కు దిగువన దాని స్పందన మెల్లగా తగ్గుతుంది, దగ్గరగా పెట్టినప్పుడు వచ్చే మంద్రపు ఉబ్బు ఆ తగ్గుదలను పూడుస్తుంది. 2,000 హెర్ట్జ్ దాటాక స్పందన పెరుగుతూ పోయి 6,000 దగ్గర శిఖరానికి చేరుతుంది, అంటే స్పీకరు చేవ తగ్గుతున్న చోట మైకు చెయ్యి అందిస్తుంది. డ్రమ్స్, బాస్, గొంతు అన్నీ కలిసిన పాటలో గిటార్ విడిగా తెలియాలంటే కావలసిన భాగం అదే. దీని లోపం కూడా అక్కడే ఉంది. డిస్టార్షన్ ఎక్కువగా ఉన్న గిటార్‌కు ఆ శిఖరం ముల్లులా గుచ్చుకుంటుంది. అప్పుడు మైకును తిట్టుకోకుండా క్యాప్ అంచు నుంచి ఒక వేలు బయటకు జరపాలి.

గొంతు కోసం వాడే ఎస్‌ఎం58 చాలా బ్యాండ్ల దగ్గర ముందే ఉంటుంది. రెండింటి క్యాప్స్యూల్ (శబ్దాన్ని పట్టే లోపలి భాగం) ఒకే వంశానిది. 58 మీద ఉన్న గుండ్రటి జాలీ వల్ల డయాఫ్రం (శబ్దం తాకి కదిలే పలుచని పొర) స్పీకరుకు మరికాస్త దూరంగా నిలబడుతుంది, పైస్థాయి స్పందన కొద్దిగా మారుతుంది. చేతిలో 58 ఉన్నవాళ్లు యాంప్ కోసం వెంటనే 57 కొనవలసిన పనిలేదు; ముందు దానితోనే నెల రోజులు చోట్లు వెతకడం నేర్చుకుంటే ఆ తర్వాత కొనే మైకుకు న్యాయం జరుగుతుంది.

డైనమిక్ మైకుల్లో ఇంకో రెండింటిని చెప్పాలి. సెన్‌హైజర్ ఎండీ 421 అనేది 1960లో వచ్చిన పెద్ద డయాఫ్రం మైకు. దానికి మంద్ర స్థాయిని ఐదు మెట్లలో తగ్గించుకునే రింగు ఉంటుంది. 57 కంటే కింద స్వరాలు నిండుగా, పైన విప్పారినట్టుగా వినిపిస్తుంది. ఒక్క గిటారే ఉన్న బ్యాండుకు నేను దీనినే ముందు నిలబెడతాను. అదే సంస్థ ఈ906 అనే బల్లపరుపు మైకు స్పీకరుకు సమాంతరంగా ఆనుకుని ఉంటుంది కనుక ఇరుకు గదిలో, వేదిక మీద ఎంతో సౌకర్యం. పదునును మూడు స్థాయుల్లో మార్చే మీట దానికి ఉంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. డైనమిక్ మైకులకు బలం చాలదని, మైకుకూ, దాని శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్‌కూ మధ్య గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) పెంచే అదనపు పెట్టె కొనాలని చాలామంది అనుకుంటున్నారు. మెల్లగా మాట్లాడే గొంతుకు అది కొంతవరకు నిజం. గిటార్ యాంపుకు లెక్క వేరు. 94 డెసిబెల్స్ ధ్వని దగ్గర ఎస్‌ఎం57 సుమారు 1.6 మిల్లీవోల్టులు ఇస్తుంది. ప్రతి 20 డెసిబెల్స్‌కూ వోల్టేజి 10 రెట్లు అవుతుంది కాబట్టి 114 డెసిబెల్స్ దగ్గర అది 16 మిల్లీవోల్టులు ఇస్తుంది. దానిని రికార్డింగ్‌కు కావలసిన స్థాయికి తేవడానికి 40 డెసిబెల్స్ లోపు గెయిన్ చాలు, సాధారణ ఇంటర్‌ఫేస్‌లు ఆ మాత్రం శుభ్రంగానే ఇస్తాయి. ఆ పెట్టెకు పెట్టే డబ్బుతో ఒక బరువైన, ఊగని మైకు స్టాండు కొనుక్కోవడం మేలు. చోటు ఇంత ముఖ్యమని తెలిశాక, పాట మధ్యలో వేలెడు కిందికి జారిపోయే స్టాండు ఎంత నష్టం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

రిబ్బన్ మైకుల దారి వేరు. ఇందులో డయాఫ్రం, తీగచుట్ట అని రెండు ఉండవు. అయస్కాంతపు ధ్రువాల నడుమ వేలాడే పలుచని అల్యూమినియం పట్టీయే రెండు పనులూ చేస్తుంది. గిటారిస్టుల్లో బాగా పేరున్న రాయర్ ఆర్‌-121 మైకులో ఆ పట్టీ మందం రెండున్నర మైక్రాన్లు. మన తల వెంట్రుక అంతకు ఇరవై రెట్లకు పైగా లావు ఉంటుంది. రిబ్బన్ పైస్థాయి ధ్వనులను కృత్రిమంగా ఎత్తి చూపదు, శిఖరాలు లేకుండా మెల్లగా దిగనిస్తుంది. డిస్టార్షన్ గిటార్‌లోని గరగర సర్దుకుని, మధ్యస్థాయి ముందుకు వచ్చి, గదిలో మన చెవి విన్నదానికి దగ్గరగా వినిపించేది అందుకే. మొదటిసారి ఈ తేడా విన్న గిటారిస్టులు చాలామంది ‘నా యాంప్ ఇలా మోగుతుందని ఇప్పుడే తెలిసింది’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సంతోషమే.

రిబ్బన్ మైకులు చాలావరకు ఫిగర్ ఎయిట్ తరహావి, అంటే ముందునుంచీ వెనుకనుంచీ సమానంగా వింటాయి, పక్కల నుంచి దాదాపు ఏమీ వినవు. ఒకే గదిలో రెండు యాంపులు మోగుతున్నప్పుడు మైకు పక్కభాగాన్ని రెండో యాంపు వైపు తిప్పితే ఆ శబ్దం ఎంతగా తగ్గిపోతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మరోవైపు, వెనుక ఉన్న ఉత్త గోడ ప్రతిధ్వని మైకులోకి నేరుగా వస్తుంది. వెనుక ఒక మందపాటి బొంత వేలాడదీస్తే మా గదిలో ఆ సమస్య తీరింది. ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ వీటికి చాలా ఎక్కువ కనుక 57ను పెట్టినట్టు గుడ్డకు ఆనించకూడదు. జానెడు దూరంతో మొదలుపెట్టి, మంద్రం సరిపోయిందనిపించే వరకు దగ్గరకు తేవాలి. ఆర్‌-121లో పట్టీని ముందువైపుకు జరిపి అమర్చారు. ముందు నుంచి 135 డెసిబెల్స్ వరకు తట్టుకుంటుందని తయారీదారు చెబుతారు. దగ్గరి దూరంలో దాని వెనుకవైపు ముందుకంటే కొద్దిగా పదునుగా వినిపిస్తుంది. మెత్తగా మోగే యాంపుకు మైకును వెనక్కి తిప్పి పెట్టి, పోలారిటీ (తరంగపు ఎగుడుదిగుళ్లను తలకిందులు చేసే అమరిక) మార్చుకుంటే అదే మైకు రెండో మైకుగా పనికొస్తుంది.

కండెన్సర్ మైకులు పలుచని పొర మీద నిలిపిన విద్యుదావేశంతో పనిచేస్తాయి కనుక చాలా వరకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే అందే విద్యుత్తు) కావాలి. అవి సూక్ష్మంగా వింటాయి. డిస్టార్షన్ లేని శుభ్రమైన గిటార్‌కు, వేళ్ల స్పర్శ, తీగ మీటిన క్షణం వినిపించాల్సిన చోట అవి అందంగా ఉంటాయి. గట్టి యాంపు దగ్గర మాత్రం లెక్క చూసుకోవాలి. ఇప్పటి నోయిమన్ యూ87 మైకు 117 డెసిబెల్స్ వరకు శుభ్రంగా అందుకుంటుంది. దాని మీద ఉన్న 10 డెసిబెల్స్ ప్యాడ్ (సంకేతపు స్థాయిని తగ్గించే మీట) వేస్తే ఆ హద్దు 127కు పెరుగుతుంది. వింటేజ్ 30 వంటి స్పీకరు ఒక్క వాటుతో మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఇస్తుంది, 10 వాట్లకు 110. ఇక బెత్తెడు దూరంలో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్యాడ్ లేని కండెన్సర్‌ను అక్కడ నిలబెడితే మైకులోని ఎలక్ట్రానిక్స్ చితికిపోయిన శబ్దాన్నే పంపుతాయి; ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ తగ్గించినా అది బాగుపడదు. మన యాంపు డిస్టార్షన్, మైకు డిస్టార్షన్ కలగలిసిపోవడం వల్ల కొత్తవారు దీనిని త్వరగా పసిగట్టలేరు.

కాబట్టి నేను కండెన్సర్‌ను దూరానికే ఎక్కువగా వాడతాను. మీటరు, రెండు మీటర్ల దూరంలో అది యాంపుతోపాటు గదిని కూడా వింటుంది. గదిని వినడమంటే విశాఖను కూడా వినడమే: పైన తిరిగే సీలింగ్ ఫ్యాను, మర్రిపాలెం వైపు పోయే రైలు కూత, నౌకాదళ విమానాశ్రయం నుంచి లేచే విమానం. స్పీకరుకు ఆనించిన 57కు ఇవేవీ పట్టవు. గదే బాగాలేకపోతే దూరపు మైకు ఆ బాగాలేకపోవడాన్నే నమ్మకంగా రికార్డు చేస్తుంది. నేల సంగతి కూడా మర్చిపోకూడదు. స్పీకరు, మైకు రెండూ నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో, ఒకదానికొకటి మీటరు దూరంలో ఉన్నాయనుకుందాం. నేరుగా వచ్చే శబ్దం 100 సెంటీమీటర్లు ప్రయాణిస్తే, గచ్చు మీద పడి లేచి వచ్చేది సుమారు 117 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ 17 సెంటీమీటర్ల ఆలస్యం వల్ల 1,000 హెర్ట్జ్ దగ్గర రెండు తరంగాలు ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి, గిటార్‌కు గుండెకాయలాంటి చోట ఒక గుంట పడుతుంది. యాంపును కుర్చీ మీదకు ఎక్కించడం, మధ్యలో మందపాటి పరుపు వేయడం, మైకు ఎత్తు మార్చడం ఇందుకే.

రెండు మైకులు కలిపి వాడితే ఇదే భౌతికశాస్త్రం మరో రూపంలో ఎదురవుతుంది. 57 పదును, రిబ్బన్ కండ కలిపి ఒకే గిటార్ శబ్దంగా మలచుకోవడం స్టూడియోల్లో ఎంతో ప్రసిద్ధమైన పద్ధతి. ఒక మైకు నుంచి మరో మైకుకు 17 సెంటీమీటర్ల తేడా ఉంటే అర మిల్లీసెకను ఆలస్యం. 1,000, 3,000, 5,000 హెర్ట్జ్ దగ్గర వరుసగా గుంటలు పడి, శబ్దం దువ్వెన పళ్లలా చీలుతుంది. అందుకే దానికి కోంబ్ ఫిల్టరింగ్ అని పేరు. తేడాను రెండు సెంటీమీటర్లకు తగ్గిస్తే మొదటి గుంట 8,000 హెర్ట్జ్ దాటిపోతుంది, అక్కడ గిటార్ స్పీకరు ఏమీ పలకదు గనుక బాధ లేదు. రెండు మైకుల ముక్కులను ఒకే గీతలో పెట్టడం మాత్రం చాలదు. 57లో డయాఫ్రం ముక్కు వెనకే ఉంటుంది, రిబ్బన్ పట్టీ మైకు ఒంటి నడుమ లోపల ఉంటుంది. లోపలి భాగాలు ఒకే దూరంలో ఉండేలా సర్దాలి. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి నేను ఒక మైకు పోలారిటీని తిరగేసి, రెండింటినీ సమాన స్థాయిలో పెట్టి, గిటారిస్టును ఒకే కార్డు (కలిపి మీటే స్వరాల గుంపు) వాయిస్తూ ఉండమంటాను. శబ్దం అత్యంత పేలవంగా, ఉట్టిపోయినట్టు వినిపించే వరకు ఒక మైకును మిల్లీమీటర్లలో జరిపి, అప్పుడు పోలారిటీని మళ్లీ యథాస్థితికి తెస్తాను. అంతకుముందు బోలుగా ఉన్న చోట నిండుతనం వచ్చేస్తుంది. ఒక్క మైకుతో మంచి శబ్దం తీయడం రాకముందే రెండో మైకు జోడించడం వల్ల చిక్కు రెట్టింపవుతుందే తప్ప శబ్దం బాగుపడదు.

సముద్రతీరంలో ఉన్నవారికి ఎంపికలో ఇంకొక లెక్క ఉంది. దాని గురించి బయట వచ్చే సలహాల్లో పెద్దగా కనబడదు. మన గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువ. కండెన్సర్ మైకు లోపల ఆవేశం నిలవాలంటే చుట్టుపక్కల భాగాలు విద్యుత్తును ఏమాత్రం జారనివ్వకూడదు. తేమ పట్టిన పొర మీదుగా ఆవేశం జారిపోతే చిటపట శబ్దాలు మొదలవుతాయి. వానాకాలంలో ఏసీ గదిలో చల్లబడిన మైకును డాబా మీదకు తెస్తే కళ్లద్దాల మీద పట్టినట్టే దాని లోపలా చెమ్మ పడుతుంది. పెట్టె మూత తీయకుండా అరగంట బయటి వేడికి అలవాటు పడనిచ్చి వాడాలి. మిగతా సమయంలో గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వాటి రంగు మారినప్పుడల్లా వేడిచేసి తిరిగి పెట్టాలి.

రిబ్బన్ మైకుకు ఇక్కడ తేమ కంటే పెద్ద శత్రువులు రెండు ఉన్నాయి. ఒకటి నల్ల ఇసుక. భీమిలి తీరంలో ఇసుకలో అయస్కాంతాన్ని ఆడిస్తే నల్లని రేణువులు మీసాల్లా పట్టుకోవడం మనలో చాలామంది చిన్నప్పుడు చూసిందే. ఈ తీరపు ఇసుకలో ఇల్మనైట్‌తో పాటు మాగ్నటైట్ కూడా ఉంది. ఓడరేవు వైపు గాలిలో ఇనుప ఖనిజపు ధూళి కూడా తోడవుతుంది. రిబ్బన్ మైకులో ఉండేది చాలా బలమైన అయస్కాంతం, పట్టీకీ ధ్రువాలకూ మధ్య సందు వెంట్రుకవాసి. అక్కడ ఒక రేణువు చేరితే చాలు, పట్టీకి తగులుతూ జరజరమంటుంది. రెండోది ఫ్యాను గాలి. రికార్డింగ్‌లో శబ్దం పడకూడదని ఏసీ ఆపి, గిటారిస్టుకు ఉక్కగా ఉందని పెడస్టల్ ఫ్యాను పెట్టి, అది తిరిగే వైపు మైకు ఉందని గమనించక నా మొదటి రిబ్బన్ పట్టీని సాగదీసుకున్నాను. మంద్రం వదులైపోయి, శబ్దం బలహీనపడింది. పట్టీ మార్పించాల్సి వచ్చింది. ఇప్పుడు స్టాండు మీద ఉన్నప్పుడు కూడా, వాయించే వేళ వచ్చే వరకు దాని మీద చిన్న గుడ్డసంచి తొడిగే ఉంచుతాను, పెట్టె మూతను కూడా విసురుగా వేయను. ఫాంటమ్ పవర్ సరైన కేబుల్‌తో వస్తే రిబ్బన్‌కు హాని చేయదు. ఒక తీగ షార్టయిన కేబుల్‌తో వస్తే పట్టీలోంచి విద్యుత్తు పారుతుంది. అందుకే రిబ్బన్‌ను కలిపే ముందు ఆ మీటను ఆపేయడం అలవాటు చేసుకోవాలి.

కొనే వరస గురించి నన్ను అడిగితే, బీచ్ రోడ్డుకు నాలుగు వీధుల దూరంలో ఉండేవాడిగా, మొదట డైనమిక్ మైకే అంటాను. అది తేమనూ దెబ్బలనూ తట్టుకుంటుంది, ఎంత గట్టి శబ్దానికీ బెదరదు, ఒకే మైకుతో చోటు వెతకడం నేర్పుతుంది. నకిలీల విషయంలో జాగ్రత్త అవసరం. ఒకసారి ఒక దుకాణంలో 57గా అమ్మిన దానిని నేనూ తెచ్చుకున్నాను. అసలు మైకు 284 గ్రాములు ఉండాలి, అది తూకంలో చాలా తేలిపోయింది, శబ్దం రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది. రెండో మైకుగా రిబ్బన్, జాగ్రత్తగా దాచుకోగలిగితేనే. గది బాగుండి, ఆ గదిని వినాలనిపించినప్పుడు కండెన్సర్. యాంపును గట్టిగా మోగించే వీలులేని అపార్ట్‌మెంట్ వాసులు లోడ్ బాక్స్ (స్పీకరుకు బదులు యాంపు శక్తిని చప్పుడు లేకుండా భరించే పెట్టె), స్పీకరు ఇంపల్స్ రెస్పాన్స్ ఫైళ్లతో (స్పీకరు, మైకు కలిసి పలికే తీరును నమోదు చేసినవి) పని కానిస్తున్నారు. ఆ ఫైళ్ల పేర్లలో ‘57, క్యాప్ అంచు, ఒక అంగుళం’ అనే ఉంటుంది. కనుక ఇక్కడ చెప్పుకున్నదంతా మౌసుతో ఎంచుకునేవారికీ వర్తిస్తుంది.

ఏ మైకైనా, ఏ చోటైనా, నిర్ణయం మాత్రం పాట మోగుతుండగా జరగాలి. ఒంటరిగా వింటే ఒళ్లు పులకరించేంత మంద్రం ఉన్న గిటార్, 41 హెర్ట్జ్ నుంచి మొదలయ్యే బాస్ గిటార్ వచ్చి కలిశాక బురదగా మారుతుంది. ఒంటరిగా కాస్త సన్నగా, కటువుగా వినిపించింది పాటలో తన చోటు తాను చూసుకుంటుంది. అందువల్ల మా గదిలో మైకు స్టాండు బిగించే ముందు మూడు చోట్ల పట్టిన అర నిమిషపు ముక్కలను డ్రమ్స్, బాస్‌తో కలిపి వినిపిస్తాను: క్యాప్ నడుమ, క్యాప్ అంచు, కోన్ సగం దూరం. ఏది ఎక్కడిదో గిటారిస్టుకు చెప్పను. అతను ఎంచుకున్న చోట గుడ్డ మీద టేపు ముక్క అంటించి, స్టాండు మరలు బిగించి, రికార్డు బటన్ నొక్కుతాను.